గల్లంతు జాబితా

కోపం వస్తే నాకు ముందు చెవులు వేడెక్కుతాయి. ఈ సంగతి రాద్దామని కూర్చుంటే ఇవాళ కూడా వేడెక్కాయి.

కరోనా వచ్చిన రెండో ఏడు. సూరత్‌లో, ఖటోదరాలోని ఒక బట్టల మిల్లుకి నేను నెట్‌వర్క్ చూసేదాన్ని. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి సాంచాలు నడపడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. సాంచా అంటే మావాళ్ల మాటలో మరమగ్గం. నేను ఇక్కడే చదువుకుని, ఆ సాంచాలకు తగిలించిన పెట్టెలు పనిచేస్తున్నాయో లేదో చూసే ఉద్యోగంలో చేరాను. ఇంట్లో వాళ్లకి అది గొప్ప. నాకూ గొప్పగానే ఉండేది.

ప్రతి సాంచాకీ ఎంత గుడ్డ నేసిందో కొలిచే చిన్న మీటరు పెట్టె ఉండేది. ఆ పెట్టెలు, కెమెరాలు, హాజరు మిషను, ప్రింటరు కలిపి షెడ్డులో ముప్పై ఒక్క పరికరాలు. రోజూ మధ్యాహ్నం ఒకటిన్నరకి ఒక సాఫ్ట్‌వేరు తనంతట తానే లేచి ఒక్కొక్క అడ్రసుకీ ‘ఉన్నావా?’ అని కబురు పెట్టేది. దాన్నే స్కాన్ అంటాం. పలికినవాటిని పచ్చగా, పలకనివాటిని ఎర్రగా చూపించేది. వరసగా ఏడు రోజులు పలకకపోతే గల్లంతు జాబితాలో చేర్చి మేనేజరుకి మెయిలు కొట్టేది. ఆ ఏడు రోజుల నియమం పెట్టింది నేనే. ఒకటిన్నర సమయం పెట్టిందీ నేనే. ఆఫీసు వాళ్లు భోజనాలకి లేస్తారు, నెట్‌వర్కు ఖాళీగా ఉంటుంది కదా అని. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

షెడ్డు మూతబడ్డ రోజుల్లో స్కాన్ ఆపి ఉంచాను. షెడ్డు మళ్లీ తెరిచిన రోజున, ఇంట్లో కూర్చునే మొదలుపెట్టాను. ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ ఎర్రగా వచ్చాయి. మర్నాడూ అంతే. కంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని, అన్నం ఆరిపోతుంటే, అడ్రసుల వరస సరిచూశాను, పాస్‌వర్డులు మార్చాను, సాఫ్ట్‌వేరుని ఆపి మళ్లీ లేపాను. ఏదీ పలకలేదు. రెండయ్యేసరికి ఇళ్లనుంచి పనిచేసే ఆఫీసువాళ్ల ఫోన్లు మొదలయ్యేవి, ఒకరికి మెయిలు రాదు, ఒకరికి మీటింగులో గొంతు వినపడదు. షెడ్డు సంగతి మళ్లీ మర్నాటి ఒకటిన్నరకే. వారం అట్లా గడిపాను. లేచి షెడ్డుకి వెళ్లి చూద్దామన్న ఆలోచన రాలేదు. రాలేదని ఎందుకు అబద్ధం రాయాలి, వచ్చింది. భయమేసి వెళ్లలేదు.

ఎనిమిదో రోజు మెయిలు దానంతటదే మేనేజరుకి వెళ్లిపోయింది. ఆయన కోస్తా వైపు మనిషి, హజీరాలో పెద్ద కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. ఆ రోజుల్లో ఆల్థాన్‌లోని ఫ్లాటు దాటి బయటికి రావడంలేదు. నాకు ఫోన్ చేసి, పరికరాలన్నీ పోయిన మాట నిజమేనా అని అడిగారు.

“రిపోర్టు అయితే అట్లనే చూపిస్తోంది సార్,” అన్నాను.

ఆ ఒక్క మాటకి నా నాలుక కోసుకున్నా తప్పులేదు.

షెడ్డు తాళాలు ఉండేది పెద్దబాపు దగ్గర. ఆయన మా నాన్న కంటే పెద్దవాడు. జగిత్యాల అవతల ఏదో పల్లె నుంచి వచ్చి నలభై ఏళ్లుగా ఇక్కడ సాంచాలు నడిపినవాడు. చూపు మందగించాక తాళాలూ కరెంటూ చూసుకునేవాడు. మా పేటలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ పెద్దబాపే, అంటే పెద్దనాన్న. మేనేజరు లెక్క తేలిక: వస్తువులు పోయాయి, తాళాలు ఆయన దగ్గర ఉన్నాయి, కంచే చేను మేసింది. ఆయన ఫోన్లో చెప్పగానే ఆ సాయంత్రమే సెక్యూరిటీవాళ్లు పెద్దబాపుని గేటు బయట నిలబెట్టి తాళాల గుత్తి లాక్కున్నారు. పోలీసులదాకా పోవడంలేదు, సంతోషించమన్నారట.

నాకు చెప్పింది పెద్దబాపే. మూడో రోజు పన్నెండింటికి ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు.

“బిడ్డా, నీ కంప్యూటర్ల నేను దొంగనైన్నట. జర పోయి సూసి చెప్పు.”

మాస్కు మీద మాస్కు కట్టుకుని అప్పుడే బయలుదేరాను. దారిలో పోలీసులు ఆపితే మిల్లు కార్డు చూపించి, ఒంటిగంట దాటాక షెడ్డు చేరాను. లోపల చీకటి. సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. జనం బయట గోడనీడన దూరం దూరంగా కూర్చుని డబ్బాలు విప్పుకుంటున్నారు. ఫోన్ లైటు వేసి చూస్తే మొదటి సాంచా మీద మీటరు పెట్టె ఉంది. రెండోదాని మీద ఉంది. కెమెరాలు ఉన్నాయి. ప్రింటరు మీద నూలు పొట్టు పడకుండా ఎవరో పాత గుడ్డ కప్పి పెట్టారు. ఒక్కొక్కటీ తాకి లెక్కపెట్టాను, ముప్పై ఒకటి. అప్పుడు ఒకటిన్నరైంది. నా చేతిలో ఫోను గుయ్‌మంది. స్కాన్ పూర్తి, ముప్పై ఒకటీ లేవు అని రిపోర్టు. నా చెయ్యి ఇంకా ప్రింటరు మీదే ఉంది.

కరెంటు మెయిన్ స్విచ్చి దించి ఉంది. ఎవరు దించారని అడిగితే ఒక సాంచా కార్మికుడు, పెద్దబాపు నేర్పిన అలవాటే అన్నాడు. మనిషి లేని కాడ కరెంటు ఉండొద్దు అన్నది ఆయన మాట. పొట్టుకి నిప్పంటుకుని కాలిన షెడ్డుని వయసులో ఉండగా చూశాడు. మంది నిండుగా ఉన్న రోజుల్లో భోజనానికి వంతులవారీగా వెళ్లేవారు, సాంచా ఆగేది కాదు, మెయిన్ దించే పనే ఉండేది కాదు. ఇప్పుడు సగంమంది ఊళ్లకి పోయి రాలేదు. వంతుకి మనుషుల్లేక ఒంటిగంటకి అన్నీ ఒకేసారి ఆపి, మెయిన్ దించి, రెండింటికి మళ్లీ ఎత్తేవారు. నా స్కాన్ సరిగ్గా ఆ గంటలో వచ్చి తలుపు తట్టేది. ఆయన్ని గేటు బయటికి తోసినా ఆ మూడు రోజులూ వాళ్లు ఆయన మాట తప్పలేదు.

అంతకంటే సిగ్గుచేటు ఇంకొకటి ఉంది. పోయాయన్న ఆ మీటరు పెట్టెలు రోజూ సాయంత్రం ఎంత గుడ్డ నేసిందీ ఆఫీసుకి పంపిస్తూనే ఉన్నాయి. దొంగలెత్తుకుపోయిన పెట్టె కొలతలెట్లా పంపుతుందని మేనేజరుకీ తోచలేదు, నాకూ తోచలేదు. వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరగడం అంటే ఇదే. కాకపోతే మేము తిరగనుకూడా లేదు, కూర్చున్నచోటి నుంచి ఒక ముసలాయన్ని దొంగని చేశాం.

మెయిన్ ఎత్తించి స్కాన్ మళ్లీ నడిపాను. నాలుగు నిమిషాల్లో అన్నీ పచ్చగా వచ్చాయి. ఒక్కొక్క వరస పక్కన సాఫ్ట్‌వేరు ‘తిరిగి దొరికినది’ అని రాసింది. మేనేజరుకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన తేలిగ్గా నవ్వి, దొరికాయి కదమ్మా, ఇంకేం, రేపట్నుంచి ఆయన్ని రమ్మను అన్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా సరే సార్ అనే అన్నాను, ఉద్యోగస్తురాలిని.

పెద్దబాపు గదికి వెళ్లి గడపలోనే నిలబడి చెప్పాను, సాఫ్ట్‌వేరు అన్నీ దొరికినట్టు రాసింది, పనికి రావచ్చు అని.

“దొరికినయంటే పోయినట్టే గద బిడ్డా. ఎవరు తీస్కపోయిండ్రు? మల్ల ఎవరు తెచ్చి పెట్టిండ్రు?”

సాఫ్ట్‌వేరులో ఆ మాట చెరపడానికి వీల్లేదన్నాను. అది పాత రికార్డుని దాచుకుంటుంది, మార్చనివ్వదు. అయితే అవి అసలు ఎక్కడికీ పోలేదని కాగితం మీద రాసి, గేటు దగ్గర నలుగురూ వినేట్టు చదవాలన్నాడు. తనని నిలబెట్టింది అక్కడే కాబట్టి అక్కడే కావాలన్నాడు.

ఆ రాత రాసిపెట్టమంటే మేనేజరు ఒప్పుకోలేదు. నువ్వే ఏదో ఒకటి రాసి ఇచ్చెయ్యి అన్నారు. రాశాను. సాంకేతిక కారణాల వల్ల పరికరాలు కొద్ది రోజులు కనిపించలేదు, ఇందులో ఎవరి తప్పూ లేదు అని. గదికి తీసుకెళ్లి చదివి వినిపిస్తే పెద్దబాపు తల అడ్డంగా ఊపాడు.

“నన్నైతే పేరు పెట్టి దొంగ అన్నరు. గా కారణానికి పేరు లేదా?”

ఆయన ముందే కూర్చుని ఆ కాగితం చింపి ఇంకోటి రాశాను. ఈ ముప్పై ఒక్క వస్తువులూ ఒక్కరోజు కూడా షెడ్డు దాటలేదు. కరెంటు తీసి ఉన్న వేళ నేను వెతికాను. ఇల్లు కదిలి వచ్చి చూడలేదు. నేను పోయాయన్నాను, మేనేజరుగారు నమ్మి ఈయన్ని గేటు బయట నిలబెట్టారు. కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. మర్నాడు భోజనాల వేళ గేటు దగ్గర ముందు తెలుగులో, తర్వాత హిందీలో చదివాను. ఒకాయన తిండి ఆపి లేచి నిలబడ్డాడు.

పెద్దబాపు కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాళాలు తెచ్చిస్తానంటే వద్దన్నాడు.

“పని కోసం రాలే బిడ్డా. గీ మాట ఇని పోదామని ఆగిన.”

ఆ వారమే రైలెక్కి ఊరికి వెళ్లిపోయాడు. నలభై ఏళ్ల కాపురం రెండు సంచుల్లో పట్టింది.

తర్వాత సోమవారం మేనేజరు ఫోన్ చేశారు. ఆయన ఇంకా రావడంలేదేం, తప్పు లేదని రాసిచ్చాంగా, ఇంకేం కావాలట అని విసుక్కున్నారు. ఈసారి నేను సరే సార్ అనలేదు.

“ప్రింటరుని కూడా రోజూ ‘ఉన్నావా’ అని అడిగాం సార్. ఆయన్ని మీరూ అడగలేదు, నేనూ అడగలేదు.”