గీతల తాత మోకాలు

భూకంపాలు నమోదు చేసే గదిలో గీతల తాత ముప్పై ఏళ్లు రోజూ పొద్దున్నే యంత్రం మీద కాగితం మార్చాడు. భూమి ఉలిక్కిపడి సూది గీత గీస్తే, దాన్ని ముందు చూసే కళ్లు ఆయనవే. రిటైరైనా, ఆ పాత కాగితపు చుట్టలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలైతే, వాటిని విప్పడానికి ఆయన్నే పిలిపించారు. పసిబిడ్డ పొత్తిళ్లు విప్పినంత మెల్లగా విప్పి, అంచుల మీద బరువులు పెట్టి చదును చేస్తాడు. స్కానర్ దగ్గర పనిచేసే పిల్ల ఆ కాగితాన్ని అద్దం మీద పరిచి మూత వేస్తుంది, అంతే! ఆఫీసరు కంప్యూటర్‌లో బొమ్మ చూసి, "శభాష్ తల్లీ!" అని పోతాడు. తాత కడుపులో కుంపటి రాజుకుంటుంది.

ఒకరోజు ఆ పిల్ల ఎగిరి గంతేసింది. "తాతయ్యా, ఇదిగో! ఏ జాబితాలోనూ లేని భూకంపం!" ఆఫీసరు పరుగున వచ్చాడు. తాత తేదీ చూశాడు. ఆ రోజు తనే కాలు జారి, యంత్రం కింది దిమ్మెను మోకాలితో గుద్దాడు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే మచ్చలేని పేరు పోతుంది. చెప్పకపోతే ఈ పిల్లకు ఏకంగా ఒక భూకంపమే దక్కుతుంది. ఆ రెండోది ఆయన వల్ల కాలేదు.

"భూకంపమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. అది నా మోకాలు!"

గది గొల్లున నవ్వింది. ఆ పిల్ల ఆయన చేయి పట్టుకుని, "నా పరువు కాపాడారు తాతయ్యా," అంది.

"చూశారా, పెద్దాయనకు చూపించందే ఏదీ పైకి పంపదు. బుద్ధిమంతురాలు!" అన్నాడు ఆఫీసరు.

పడిందీ తనే, ఒప్పుకున్నదీ తనే; మెప్పు మళ్లీ ఆ పిల్లకే. తాత మోకాలు రుద్దుకుంటూ ఇంకో చుట్ట అందుకున్నాడు.