తుపాకీకి ఉంగరం కొలత

ఒక శనివారం పొద్దున్నే మా పక్కింటి పెద్దాయన తుపాకీ చేత పట్టుకుని మా తలుపు కొట్టాడు. ఆర్నెల్లు అమెరికాలో మా దగ్గర ఉండటానికి వచ్చిన మా నాన్న కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి, "అమ్మాయ్, మనమేం చేశామే?" అన్నాడు. మేమేం చేయలేదు. ఆయన సాయం అడగడానికి వచ్చాడు, అంతే. బెంటన్‌విల్‌లో ఉప్పు అప్పడిగేవాళ్ళు లేరు గానీ ఇలాంటివాళ్ళు ఉన్నారు.

అది వాళ్ళ తాత గుర్రమెక్కి తిరిగిన రోజుల్లో వాడిన పొట్టి మిలిటరీ తుపాకీ. కార్బైన్ అంటారట. పెద్దాయనకి అయిదేళ్ళప్పుడు తాత దాంతో కంచె మీది రేకు డబ్బాని ఎగరగొట్టాడు. అప్పట్నుంచీ ఆయనది ఒకటే కోరిక, అదే తుపాకీతో తనూ ఒక్క డబ్బా కొట్టాలి. మూడేళ్ళుగా ప్రయత్నిస్తున్నాడు. కొన్న గుండు ప్రతిదీ గాల్లో పల్టీలు కొట్టి, గురికి పెట్టిన కాగితానికి అడ్డంగా తగిలి పొడుగాటి చిల్లు చేస్తోంది. ఇప్పుడేమో ఇల్లు అమ్మేశాడు. మూడు వారాల్లో కూతురి అపార్ట్‌మెంట్‌కి మకాం. తుపాకీ మ్యూజియానికి.

"నువ్వు కంప్యూటర్లో ఏదైనా పట్టుకుంటావుగా. దీనికి సరిపోయే గుండు పట్టుకో" అన్నాడు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కాగితం మీద రాసి ఉంది కదా అని ఏదీ నమ్మొద్దని ఆఫీసులో రోజూ పదిమందికి క్లాసు పీకుతాను. అంతటిదాన్ని, వారం రోజులు లంచ్ మానేసి ఫోరమ్‌లన్నీ చదివి, తుపాకీ మీద కొట్టి ఉన్న నంబరు చూసి, తుపాకీల పుస్తకంలో దాని ఎదురుగా ఉన్న సైజు గుండ్లే రెండు పెట్టెలు ఆర్డర్ చేశాను. ఊరి బయట పెద్దాయన స్నేహితుడి పశువుల బీడులో కాల్చి చూస్తే అన్నీ అడ్డంగానే తగిలాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయన మాత్రం చిల్లులు పడ్డ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అది చూశాక నా కోపం నా మీదకే తిరిగింది.

ఇదంతా కారులో కూర్చుని చూస్తున్న నాన్న, "ఆ సైజు ఎవరు చెప్పారే?" అన్నాడు. నాన్న తెనాలిలో నలభై ఏళ్ళు కంసాలి పని చేశాడు.

"పుస్తకంలో ఉంది నాన్నా. తుపాకీ మీద కూడా ఉంది."

"పెళ్ళికొడుకు మేనమామ చెప్పిన సైజుకి ఉంగరం చేస్తే పీటల మీద ఏమవుతుందో తెలుసా? పంతులుగారు సబ్బు తెమ్మంటాడు. నోటిమాట మీద ఉంగరం చేస్తారా ఎవరైనా? వేలు కొలవాలి గానీ!"

సరే, తుపాకీ గొట్టాన్నే కొలుద్దామన్నాం. ఇక్కడ నా భయం మొదలైంది. నాన్నది విజిటర్ వీసా. అలా వచ్చినవాళ్ళు తుపాకీ పట్టుకోకూడదని ఎక్కడో చదివాను. ముట్టుకుంటే ఏమవుతుందో ఏమో! ఇంత పాత తుపాకీకి ఆ రూల్స్ వర్తించవని పెద్దాయన నవ్వుతూ చెప్పినా నేను వినలేదు. "నాన్నా, చేతులు వెనక్కి పెట్టుకో" అని గట్టిగా చెప్పేశాను. ఆయన గుళ్ళో ప్రదక్షిణం చేస్తున్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని, పెద్దాయన గరాజ్‌లో తుపాకీ చుట్టూ తిరుగుతూ పని చెప్పాడు. నేను దాన్ని ఇంగ్లీషులో అందించాను. మెత్తటి సీసపు ముద్దని తుపాకీ గొట్టం మూతిలో పెట్టి, చెక్క కడ్డీతో నెమ్మదిగా అవతలి దాకా తోశాడు పెద్దాయన. గొట్టం లోపలి గాడులన్నీ అచ్చుపడి ముద్ద బయటికొచ్చింది. కొలిస్తే, మేం కొన్న గుండ్లకంటే వెంట్రుకవాసి లావు.

"నూటపాతికేళ్ళ ముసలాడి వేలు. కొత్తలో ఎంతుండేదో, ఇప్పుడింత" అన్నాడు నాన్న.

పెద్దాయన దగ్గర గుండ్లు పోసే ఇనప అచ్చు ఉంది. నాన్న మూడు రోజులు వాకిట్లో కూర్చుని, దాని లోపలంతా సన్నటి సానపొడితో రుద్ది ఆ వెంట్రుకవాసి మేర వెడల్పు చేశాడు. అందులో పెద్దాయన సీసం పోశాడు. పది గుండ్లు వస్తే, కళ్ళజోడు పైకెత్తి చూసి ఏడు తీసిపారేశాడు నాన్న. నేను మొత్తుకున్నా వినలేదు. "కొట్టు పేరు చెడుతుందే" అన్నాడు. ఏ కొట్టు? అమ్మేసి ఆరేళ్ళయింది.

తుపాకీ మందు సంగతి పెద్దాయనే చూసుకున్నాడు, మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. దాన్ని గ్రెయిన్స్ లెక్కన, అంటే గింజల ఎత్తున తూస్తారని చెప్పినప్పుడు మాత్రం నాన్న ముఖం వెలిగిపోయింది. "మేం బంగారం గురిగింజలతో తూచేవాళ్ళమని చెప్పవే" అన్నాడు. చెప్పాను. ఇద్దరూ నన్ను వదిలేసి ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తలూపుకున్నారు.

ఆదివారం పెద్దాయన ప్రయాణమనగా శనివారం మధ్యాహ్నం మళ్ళీ బీడుకి వెళ్ళాం. కంచె మీద రేకు డబ్బా, వెనక పెద్ద చెక్క, చేతిలో మూడు గుండ్లు. మొదటిది డబ్బా పక్కనుంచి పోయింది. చెక్క మీద గుండ్రటి చిల్లు! నేను కేక పెట్టాను. రెండోదీ గుండ్రంగానే పడింది. డబ్బా మాత్రం కదల్లేదు.

పెద్దాయన తుపాకీ దించేశాడు. మూడో గుండుని అరచేతిలో పెట్టుకుని చూసి, "చాలు. ఇది చాలా బాగుంది. తుపాకీతో పాటు అద్దాల పెట్టెలో పెడతారు" అన్నాడు. నేను నాన్నకి చెప్పాను.

"అద్దాల పెట్టెలోనా!" నాన్నకి ఎక్కడలేని కోపం వచ్చింది. తిన్నగా పెద్దాయన ముందుకెళ్ళి, అచ్చ తెలుగులో, "ఏమండీ, నేను మూడు రోజులు నడుం పడిపోయేలా రుద్దింది పెట్టెలో దాచుకోడానికా? కాల్చండి!" అని డబ్బా వైపు వేలు చూపించాడు.

నేను అనువదించలేదు. అవసరం లేకపోయింది. పెద్దాయన తుపాకీ ఎత్తాడు, ఊపిరి బిగబట్టాడు. పొగ చెదిరేసరికి కంచె మీద డబ్బా లేదు.

ఆయన గడ్డిలో చాలాసేపు వెతికి డబ్బా తెచ్చుకున్నాడు. చిల్లులోంచి చిటికెనవేలు దూర్చి చూసుకుని, నా వైపు తిరిగి, "మీ నాన్నకి చెప్పు. ఆ రోజు మా తాతకీ రెండు తప్పాయి. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఇప్పటిదాకా చెప్పలేదు" అన్నాడు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి. నేను ఉన్నదున్నట్టు నాన్నకి చెప్పాను.

నాన్న విని, "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! రెండోది తప్పినప్పుడు నా ప్రాణం పోయింది" అన్నాడు. అని, నేను చూస్తుండగానే, మళ్ళీ వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి పెద్దాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. డబ్బాతో పాటు తుపాకీ కూడా ఆ చేతుల్లోనే ఉంది. నేను కంచె వైపు తిరిగి చెక్క మీది చిల్లులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.