దగ్గే సైలెన్సర్

పుర్బలింగ్గ ఊళ్లో మా వీధికొచ్చి రాయి విసిరితే అది ఏదో ఒక సైలెన్సర్ మీద పడి ఖణేల్మంటుంది. ఇంటికొక షెడ్డు, షెడ్డుకొక సుత్తి. అన్ని షెడ్లలోకీ పనితనం కాంగ్ తర్సోనోది, నోరూ ఆయనదే. నాకంటే వయసులో పెద్దవాడు కాబట్టి కాంగ్ అంటాను గానీ, చూసి వణికిపోయి కాదు. నా టీకొట్టు ఆయన షెడ్డుకి సరిగ్గా ఎదురు. ఆయన కోపాలూ అలకలూ గొప్పలూ అన్నీ నా నూనె మూకుడు ముందే నడిచాయి. అందుకే ఆయన గురించి చెప్పాలంటే నేనే చెప్పాలి.

వాళ్ల నాన్న రేకుతో అన్నం వండే గిన్నెలు చేసేవాడు. ఆ గిన్నెలు కొనేవాళ్లు తగ్గాక కొడుకు అదే సుత్తితో సైలెన్సర్లు మొదలుపెట్టాడు. "గిన్నె కారకూడదు, గొట్టం అరవకూడదు. అంతే తేడా," అంటాడు. చెవులు చిల్లులు పడేలా మోగే గొట్టాలు కావాలని కుర్రాళ్లు వస్తే, "మీ ఇంట్లో నీ మోత చాలదట్రా?" అని తరిమేస్తాడు. పోలీసులు అలాంటివి పట్టుకుని కోసేస్తున్నారని కాదు, ముందునుంచీ అంతే.

ఆయనకి షెడ్డు చూరుకి వేలాడే పంజరంలో ఒక గువ్వ ఉంది. భార్య, కనురెప్పలకి పెట్టుకునే ఉత్తుత్తి వెంట్రుకలు అంటించే ఫ్యాక్టరీకి పనికి వెళ్లాక పగలంతా ఆయనకి అదే తోడు. కొత్త సైలెన్సర్ బిగించి బండి స్టార్ట్ చేసినప్పుడు ఆ గువ్వ కూత ఆపకూడదు. ఆపిందంటే సైలెన్సర్ విప్పి మళ్లీ కోస్తాడు. ఆపకపోతేనే పెట్టెలోంచి ఉక్కు ముద్ర తీసి, సైలెన్సర్‌ని బండికి పట్టి ఉంచే పట్టీ మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తాడు. ఇనుము మీద చిన్న గువ్వ పడుతుంది. గువ్వ ముద్ర ఉందంటే దగ్గదు, తుమ్మదు అని తెగల్ పట్నం నుంచి కూడా జనం వెతుక్కుంటూ వస్తారు.

అలాంటి మనిషి చెవిలో జోరీగలా తయారైంది రుమియాతి బండి. రుమియాతి తెల్లవారకముందే సంతలో కూరలెత్తి, బండికి రెండు వైపులా వెదురు బుట్టలు కట్టి, స్లామెత్ కొండ వైపు పల్లెల్లో తిరిగి అమ్ముకుంటుంది. మొగుడు వదిలేసి పోయినా ఆ బుట్టల మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. రోజూ తెల్లవారుజాము సుబుహ్ నమాజు అయిన కాసేపటికి మా వీధిలోంచి ఆమె బండి వెళ్లేది. గడగడ, గడగడ, ఖళ్. మళ్లీ గడగడ, గడగడ, ఖళ్. కాంగ్ తర్సోనో టీ గ్లాసు కింద పెట్టేసేవాడు.

"విన్నావా దర్సీ? ఇంతమంది పనివాళ్లున్న వీధిలోంచి అలా దగ్గుకుంటూ పోతుంది. మా అందరి మొహాన ఉమ్మేసినట్టు లేదూ?"

"ఆమె కూరలమ్ముకోవడానికి పోతోంది కాంగ్, మీ మొహం చూడ్డానికి కాదు," అనేదాన్ని నేను.

చివరికి ఒకరోజు ఆమే షెడ్డు ముందు బండి ఆపింది. పాత సైలెన్సర్ తుప్పు తిని పక్కన చిల్లు పడిందట. ఆ వేడి తిన్నగా కుడివైపు బుట్టకి కొడుతోంది. "తూటికూర సగం దారిలోనే ఉడికిపోతోంది కాంగ్. ఇంకా కొనకుండానే వండేశావా అని ఆడవాళ్లు నవ్వుతున్నారు," అంది.

ఆయన మొహం వెలిగిపోయింది. గోడకి వేలాడే సైలెన్సర్లన్నీ దించి ఆమె ముందు పరిచాడు. రుమియాతికి పొట్టిగా, తళతళలాడే ఒకటి నచ్చింది.

"ఇది బాగుంది."

"బాగానే ఉంటుంది. దీని తోక పైకి లేచి ఉంది, చూశావా? పొగ సరాసరి బుట్టలోకి పోతుంది. ఇప్పుడు ఉడకబెడుతున్నావు, అప్పుడు పొగబెట్టి అమ్ముతావు."

"మరి ఈ పొడుగుది?"

"బుట్ట పెట్టి చూడు."

బుట్ట పెడితే అడుగు తగిలింది. అలా బుట్ట పెట్టి తీసి, పెట్టి తీసి, ఆఖరికి ఏదీ కుదరక ఆయన కొత్తదే చేస్తానన్నాడు. గొట్టంలో ఇసుక దట్టించి, కాల్చి, మెల్లగా వంచాడు. ఇసుక లేకపోతే వంపు దగ్గర గొట్టం నలిగిపోతుంది. సైలెన్సర్‌ని బాగా కిందికి దించి, బుట్ట వైపు వేడి తగలకుండా చిల్లుల రేకు ఒకటి అడ్డం పెట్టాడు. బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి, తోక దగ్గర తడిగుడ్డ నొక్కి పట్టుకున్నాడు. ఇంజన్ ఊపిరాడక ఆగిపోయింది, అంటే ఎక్కడా కారడం లేదన్నమాట. గుడ్డ తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే పిల్లి గురక పెట్టినట్టు ఉంది. గువ్వ కూస్తూనే ఉంది. ముద్ర పడింది.

తరువాత ఆయనకొక ఆచారం ఉంది. పాత సైలెన్సర్‌ని ఎవరి ఇంటికీ తిరిగి పంపడు. బండివాళ్ల ఎదుటే కోసి, లోపలున్న జబ్బు చూపించి, తుక్కులో వేస్తాడు. రుమియాతిది కోస్తే లోపలి అడ్డురేకు ఒకటి ఒకవైపు అతుకు ఊడిపోయి వేలాడుతోంది. "ఇదిగో నీ దగ్గు," అన్నాడు, పళ్ల డాక్టరు పన్ను పీకి చూపించినట్టు. ఆ సాయంత్రమే తుక్కు బండి వచ్చి దాన్ని తీసుకుపోయింది.

మర్నాటి నుంచి మా వీధి ప్రశాంతంగా ఉంది. కాంగ్ తర్సోనో టీ చల్లారకుండా తాగాడు. నాలుగైదు రోజులు కూడా గడవలేదు, మిట్టమధ్యాహ్నం రుమియాతి మా కొట్టు ముందు బండి ఆపింది. బుట్టలు నిండుగా ఉన్నాయి. తూటికూర నవనవలాడుతోంది. ఆమె మొహమే వాడిపోయింది.

"ఏమైందే?" అన్నాను.

"నేనొచ్చినట్టు ఎవరికీ తెలియడం లేదక్కా. ఆ దగ్గు వినే బయటికొచ్చేవాళ్లట. ఇప్పుడు పొయ్యి దగ్గర ఉన్నవాళ్లు పొయ్యి దగ్గరే ఉంటున్నారు. నేను వెళ్లిపోయాక, రుమీ ఇవాళ రాలేదా అని ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు."

"అరవొచ్చుగా?"

"నా గొంతు నా ఇంట్లోనే వినపడదు. హారన్ కొన్నాను, రబ్బరు బుడ్డిది. అది రొట్టెలవాడి హారనట. పిల్లలంతా పరిగెత్తుకొచ్చారు, కాకరకాయలు చూసి ఏడుపందుకున్నారు."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆమె మాట్లాడుతూనే ఉంది. సనీరా అవ్వకి చూపు ఆనదు, చెవే ఆధారం. ఆమె గిన్నె పట్టుకుని మెట్టు మీద కూర్చుని, రుమియాతి ముందునుంచి పోయినా తెలియక, లోపలికి పోయి అన్నంలో ఉప్పేసుకుని తిందట. "ఇలాగే ఉంటే బండి అమ్మేసి నేనూ ఆ కనురెప్పల ఫ్యాక్టరీకి పోవాలి. ఈ కళ్లతో ఆ వెంట్రుకలు ఎక్కడ అంటిస్తానక్కా?"

ఎదురుగా షెడ్డులో సుత్తి ఆగింది. ఆయన అంతా విన్నాడు.

"అయితే మంచి పని చేయడం నా తప్పా?" అని అక్కణ్నుంచే అరిచాడు.

"తప్పనలేదు కాంగ్," అంది రుమియాతి.

"అనకపోతే ఏం, బుట్టలు అంటున్నాయిగా," అన్నాను నేను.

ఆ పూట ఆయన టీకి రాలేదు. సోయా బిళ్లల్ని పిండిలో ముంచి వేయించిన మెండోవాన్ ముక్కలు పంపితే తిరిగి పంపాడు. ఆ మనిషి మెండోవాన్ వద్దన్నాడంటే అలక చాలా లోతుగా ఉందని అర్థం. మర్నాడు పొద్దున రుమియాతి బండి చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. ఆయన ఆ వీపు వైపు చాలాసేపు చూశాడు. తరువాత నా దగ్గరికొచ్చి, "ఆ దగ్గు ఎలా ఉండేదో నీకు గుర్తుందా?" అని అడిగాడు.

"మీరే కదా రోజూ తిట్టుకుంటూ విన్నారు."

"తిట్టుకుంటూ వింటే సరిగ్గా వినం దర్సీ," అన్నాడు. ఆయన నోట అంత మెత్తని మాట నేనెప్పుడూ వినలేదు.

శుక్రవారం నేను కొట్టు మూసి, ఒక పొట్లం మెండోవాన్, గుప్పెడు పచ్చిమిరపకాయలు పట్టుకుని, రుమియాతి కూరలమ్మే పల్లెకి ఆయన వెనక బండెక్కాను. ఆయన సంచిలో రకరకాల పొడుగుల్లో కోసిన రేకు నాలుకలు ఉన్నాయి. రుమియాతి సైలెన్సర్ తోక విప్పి, లోపల ఒక్కో నాలుకని ఒకవైపు మాత్రమే బిగించే వీలుగా వాటిని ముందే తయారుచేసి పెట్టాడు. నెమ్మదిగా పోతే నాలుక కొట్టుకుంటుంది, పెద్ద రోడ్డు మీద జోరుగా పోతే అణిగి ఉంటుంది. సనీరా అవ్వ వాకిట్లో రుమియాతి బండి నిలబెట్టేసరికి పల్లె ఆడవాళ్లంతా చేరారు.

మొదటి నాలుక పెట్టి స్టార్ట్ చేశాడు.

"ఇది రుమీ కాదు, మా ఆయన గురక," అంది ఒకావిడ.

పొట్టి నాలుక పెట్టాడు.

"ఇది మరీ పళ్లు కొరికినట్టుంది. ఎవరి మీద కోపం?" అంది ఇంకొకావిడ.

ఆయన చెమటలు కక్కుతూ విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. జీవితమంతా చప్పుడు తీసేసిన చేతులకి చప్పుడు పెట్టడం చేతకావడం లేదు. నాకు మొదటిసారి ఆయన మీద జాలేసింది. సనీరా అవ్వ మాత్రం మెట్టు మీద తల వంచుకుని కూర్చుంది.

"దగ్గడం దగ్గింది నాయనా," అంది ఆఖరికి. "కానీ మునుపు దగ్గాక ఒక గుటక మింగేది."

ఆడవాళ్లు నవ్వారు. కాంగ్ తర్సోనో నవ్వలేదు. "గుటక," అని తనలో తనే అనుకున్నాడు. నాలుక కొస కొంచెం వంచాడు, కొట్టుకున్నాక ఒక్క క్షణం గొట్టం గోడకి ఆని నిలిచేలా. బండిని మలుపు దాకా నెట్టుకుపోయి, అక్కడ స్టార్ట్ చేసి రమ్మని రుమియాతి చెవిలో చెప్పాడు. అవ్వతో ఏమీ చెప్పొద్దని మాకు సైగ చేశాడు. మేమంతా నోరు మూసుకుని నిలబడ్డాం.

దూరంగా వినిపించింది. గడగడ, గడగడ, ఖళ్. ఆ వెంటనే చిన్న గుటక. అవ్వ తల ఎత్తింది. గోడ పట్టుకుని లేచి, పక్కనున్న గిన్నె తడిమి తీసుకుని, తిన్నగా వాకిలి దాటి రోడ్డు మీదికి నడిచింది. "తూటికూర ఉందా రుమీ? ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావే?" అంది. రుమియాతి బండి దిగకుండానే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది.

తిరిగొచ్చే ముందు కాంగ్ తర్సోనో పట్టీ విప్పి, గువ్వ బొమ్మ ఉన్న చోట ఆకురాయితో అరగదీసేశాడు.

"ముద్ర ఉండనీండి కాంగ్," అంది రుమియాతి.

"దగ్గేదానికి గువ్వని పెట్టను."

"మరి ఎవరు చేశారని అడిగితే?"

"ఎవరూ చేయలేదను."

రుమియాతి బండెక్కింది. బుట్టలు ఖాళీ అయిన సంతోషంలో ఉంది, ఆయనతో వాదించే ఓపిక ఎవరికుంటుంది?

మరుసటి వారం సెమరాంగ్ నుంచి ఒక షాపాయన వచ్చాడు. గువ్వ ముద్ర సైలెన్సర్లు గంపగుత్తగా కావాలట. కాంగ్ తర్సోనో ఆయన్ని నా కొట్టులో కూర్చోబెట్టి, ముక్కలు తినిపిస్తూ, తన పనిలో చప్పుడు ఎందుకు ఉండదో చెబుతున్నాడు. అంతలో గడగడ, గడగడ, ఖళ్, గుటక. రుమియాతి బండి ఆపి టీ అడిగింది. షెడ్డులో గువ్వ కూత ఆపేసింది.

షాపాయన నవ్వాడు. "ఈ వీధిలో ఇలాంటి పని కూడా చేస్తారా? ఇదెవడి చేతిపనండీ?"

నా చేతిలో జల్లి గరిటె ఆగిపోయింది. రుమియాతి నేల చూపులు చూస్తూ, "ఎవరూ చేయలేదండీ," అంది.

కాంగ్ తర్సోనో గ్లాసు కింద పెట్టాడు. రోడ్డు దాటి షెడ్డులోకి వెళ్లాడు. కోపంతో పోయాడనుకున్నాను. తిరిగొచ్చేసరికి చేతిలో సుత్తి, ఉక్కు ముద్ర ఉన్నాయి. బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పట్టీ మీద తను అరగదీసిన చోటే ముద్ర ఆనించి, ఒక్క దెబ్బ వేశాడు.

"నేనే చేశానండీ," అన్నాడు షాపాయనతో. "నేను చేసినవాటిలో ఎక్కువ కష్టపడింది దీనికే."

షాపాయన ఇంకో ముక్క తీసుకున్నాడు. రుమియాతి టీ గబగబా తాగేసి, "వస్తా కాంగ్, అవ్వ గిన్నె పట్టుకుని చూస్తుంటుంది," అని బండి ముందుకి దూకించింది. అది మలుపు తిరిగేదాకా దగ్గుతూనే పోయింది. కాంగ్ తర్సోనో రోడ్డు మధ్యలో సుత్తి పట్టుకుని నిలబడి, ఆఖరి గుటక దాకా విని, అప్పుడు వచ్చి కూర్చున్నాడు.