వాసన కోసం కొన్న మిషన్

అనంతగిరి గుట్టల కింద మేము నాలుగు గదుల బస నడుపుతాం. శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి జనం వస్తారు. తెల్లవారేసరికి మంచు గుట్ట దిగి మా వరండా దాకా వస్తుంది. అందులోంచి ఎవరో నిద్రమత్తు గొంతుతో కాఫీ అంటారు. ఆ వేళ నాకు మనుషులు కనపడరు, గొంతులే వినపడతాయి. ఇంతకన్నా మంచి పని లోకంలో లేదనిపిస్తుంది. దుప్పట్లు ఉతికే సమయానికి ఆ మాట మరిచిపోతాను.

మొదట్లో కాఫీ గింజలు మా ఆయనే తాండూరు తీసుకెళ్ళి, వాళ్ళ అమ్మానాన్నల ఇంటి పక్క గిర్నీలో పట్టించుకొచ్చేవాడు. పిండి, పసుపు, మిరపకాయలు పట్టే గిర్నీ అది. మిర్చి పట్టాక గుప్పెడు జొన్నలు వేసి తిప్పి శుభ్రం చేస్తారు. ఘాటు పోయిందో లేదో ఆయన ముక్కే తేల్చేది. ఆ ముక్కుకు తిరుగులేదు. వంటింట్లో నేనేం దాచినా వాకిట్లోంచే పట్టేసేవాడు.

పోయిన చలికాలం ఆయనకు జ్వరం వచ్చి తగ్గాక, తను పట్టించుకొచ్చిన పొడితో ఓ శనివారం కాఫీ ఇచ్చాను. మంచులో ఒకరి తర్వాత ఒకరు దగ్గడం మొదలైంది. ఒక పెద్దమనిషి కళ్ళు తుడుచుకుంటూ, ఇది మీ ఊరి స్పెషలా అని మర్యాదగా అడిగాడు. డబ్బా మూత తీస్తే మిర్చి ఘాటు గుప్పుమంది. దాన్ని మా ఆయన ముక్కు కింద పెట్టి, గిర్నీలో నిద్రపోయావా అని విరుచుకుపడ్డాను.

"నాకు ఏ వాసనా వస్తలేదు. జరమొచ్చిన కాడి నుంచి గిట్లనే ఉంది," అన్నాడు. "చెప్తే నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. భయం మాత్రం మిగిలింది.

వాసన తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు, రోజూ గట్టి వాసనలు చూపిస్తూ ఉండమన్నాడు డాక్టరు. కాఫీ గింజలు ఇంట్లోనే పట్టే మిషన్ కొందామని ఆ రోజే పట్టుబట్టాను.

హైదరాబాద్‌లో షాపతను మొదట బ్లేడ్లది చూపించాడు. క్షణంలో పని ముగిస్తుంది, పొడి వేడెక్కుతుంది, సగం బరక, సగం మెత్తన. రెండోది పళ్ళచక్రాల మధ్య గింజను మెల్లగా నలుపుతుంది. రోజుకెన్ని కప్పులని అతను అడుగుతున్నాడు. నేనేమో వాసన దేనిదగ్గర ఎక్కువసేపు నిలుస్తుందా అని చూస్తున్నాను. మెల్లగా తిరిగేదే కొన్నాం.

అప్పటినుంచి పొద్దున్నే నేను గింజలు పోస్తే, ఆయన పక్కన పీట మీద కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. కిటికీలోంచి మంచు, మిషన్ గుర్రుగుర్రు, గది నిండా కమ్మదనం. ఆ కమ్మదనంలో నేను ఒంటరిగా ఉండేదాన్ని. ఆయన పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపి, మరీ మెత్తగయింది, డికాక్షన్ దిగదు, బరక వైపు ఒక గీత తిప్పు అనేవాడు. వానల్లో పొడి ఉండకడితే అదీ వేళ్ళతోనే పసిగట్టేవాడు. వాసన లేని ఇల్లు పరాయి ఇల్లులా ఉందని ఒకసారి అన్నాడు. ఆ మిషన్‌ను నేను ఎవర్నీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

మొన్న వానాకాలంలో ఓ పొద్దున గింజలు పోసి పాలు దించుతున్నాను. ఆయన వాకిట్లో ఆకులు ఊడుస్తున్నాడు. గింజల్లో రాయేదో పడినట్టుంది, చక్రాలు బిగుసుకుపోయాయి. పొయ్యి చప్పుడులో నేను గమనించనే లేదు.

"ఏదో కాలుతున్నది, సూడు," అని వాకిట్లోంచి వినిపించింది.

ఉరికి స్విచ్ ఆపాను. అప్పుడు తోచింది, ఆ మాట అన్నదెవరో. చీపురు చేతిలోనే ఉండగా ఆయన గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. మిషన్ మీదికి వంగి ఊపిరి పీల్చాడు. కాఫీ వాసన వస్తుందా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

"ఉత్త కాలిన వాసననే," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. "మళ్ల ఒక్కసారి ఆన్ చెయ్యవా?"

మోటరు మాడిపోతుందని తెలుసు. స్విచ్ వేశాను.