గోరుతో గీకి చూసిన వేప

నాచారం కర్మాగారంలో ఉద్యోగానికి జిల్లా నుంచి వచ్చి ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్న ఏడాదే నా భార్య గేటు పక్కన వేపమొక్క నాటింది. అది ఎప్పుడు చిగురించిందీ, ఎప్పుడు పూసిందీ ఏటా రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. ఇంట్లో దాని ఆకు చేరని మూల లేదు. నీడన ఎండబెట్టిన రెమ్మలు వేస్తే బియ్యానికి పురుగు పట్టేది కాదు. ఆకు, పసుపు కలిపి నూరిన ముద్ద మా అమ్మాయి మొటిమలకు మందు. చేదు నోట్లోకి పోయిందని ఆమె చేసిన గోల ఇప్పటికీ చెవుల్లో ఉంది. మేడ మీది వంగ మొక్కలకు పేనుబంక పడితే వేపనూనెను సబ్బునీళ్లలో కలిపి చల్లేవాళ్లం. ఎదురింటి క్రైస్తవ కుటుంబంలో పాపకు ఆటలమ్మ పోసినప్పుడు, పక్క మీద పరచడానికి తల్లి వచ్చి ఆకు కోసుకెళ్లింది.

“మొక్కులు మీరు మొక్కుకోండ్రి వదినా, ఆకు మాత్రం అందరిది” అని నవ్వింది.

కొన్నేళ్ల క్రితం చలికాలంలో ఎక్కడ చూసినా వేపలు కొసల నుంచి మాడిపోయాయి. మాదీ మోడైంది. కాలనీ సంఘం అధ్యక్షుడు రంపం మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు.

“సార్, చెట్టు సచ్చింది. గాలివానకు ఎవలి మీదన్న పడితే? కొట్టిపిద్దాం.”

నేను నోరు తెరిచేలోపే నా భార్య గేటుకు అడ్డం నిలబడింది.

“ఏంది తమ్మీ, జరమొస్తేనే పాడె కడ్తరా?”

“ఆకొక్కటి లేదు గదక్కా!”

“గోరుతోని గీకి సూడు.”

గీకాడు. పైపొర కింద పచ్చగా, తడిగా ఉంది.

“ఎండిన కొసలు కోపియ్యి. మొదలు ముడితే మాత్రం ఊకోను” అంది ఆమె. అతడు తల గోక్కుని సరేనన్నాడు.

తెగులు సోకిన వేప మళ్లీ చిగురిస్తుందని పత్రికలు రాస్తూనే ఉన్నాయి. అయినా వెనక వీధిలో గోరంత బెరడు గీకే ఓపిక లేక నిలువెత్తు చెట్లను నరికేశారు. తడి ఆరని ఆ మొద్దులను చూసినప్పటి కోపం నాకింకా తగ్గలేదు.

ఆ ఉగాదికి మా చెట్టు పూయలేదు. ఎండాకాలంలో రాగిరంగు చిగురు వేసింది. ఆషాఢంలో బోనాలకు కట్టే వేపమండల కోసం ఎప్పటిలాగే వీధి ఆడవాళ్లంతా వచ్చారు.

“ఈ యేడు ఒక్క రెమ్మ గూడ ఇయ్య. పసి చిగురు” అంది నా భార్య.

“గట్లంటే ఎట్లక్కా, తల్లికి కోపం రాదా?”

“చెట్టే తల్లిదైతే కోపమెందుకొస్తది?”

తన బోనానికి కూడా ఆమె మార్కెట్లో కొన్న మండలే కట్టింది. మిగతావాళ్లు గొణుక్కుంటూనే కొనుక్కొచ్చారు. డప్పుల వెంట బోనాలు చెట్టు కిందుగా సాగిపోయాయి. ఒక్క చెయ్యి కూడా కొమ్మ వైపు లేవలేదు.