సైకిలెక్కిన చింతచెట్టు

మా ముత్తాత పన్నెండు గ్రామాలకు మిరాశీదారు. తాత జిల్లా బోర్డు సభ్యుడు. మా అరుగు ముందు జనం అర్జీలు పట్టుకుని నిలబడేవారు. నాన్న ఎవరి ముందూ నిలబడకుండానే కన్నుమూశాడు. నేను మాత్రం పంతొమ్మిదివందల యాభైల చివర్లో ఒక తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాను.

అక్కడి హెడ్ గుమాస్తా తండ్రి ఒకప్పుడు మా అరుగు ముందు నిలబడినవాడే. అది నాకు తెలుసని అతనికీ తెలుసు.

చేరిన నెలలోనే చిట్టమూరు దారిలో కూలిన చింతచెట్టు గురించి ఇంగ్లీషులో రిపోర్టు రాశాను. "సైకిలు మీద పోతుంటే చెట్టు కనిపించింది" అని తెలుగులో అంటాం. పోతున్నదెవరని ఎవరూ అడగరు. అదే వరసలో ఇంగ్లీషులో పెట్టాను. 'నేను' అన్న మాట లేకపోయేసరికి సైకిలు తొక్కింది చెట్టయింది. హెడ్ గుమాస్తా ఆఫీసంతా వినేలా చదివాడు.

"ఏం దొరా, మీ తాత నాటిన చెట్లన్నీ సైకిళ్ళు తొక్కతాయా? బెల్లు గూడా కొడతాయా?"

బంట్రోతు కూడా నవ్వాడు.

"ఇంక సొంతంగా రాయబాక. నా చిత్తులో ఏముంటే అది దించు. ఒక్క అక్షరం మార్చినా ఊరుకోను."

నెల్లూరులో మిషన్ బడి నుంచి రిటైరైన పంతులుగారి దగ్గరికి నాలుగేళ్ళు వెళ్ళాను, ప్రతి ఆదివారం ఆయన చర్చి నుంచి వచ్చాక. ఆయన ఇంగ్లీషు వాక్యాన్ని కాగితం ముక్కలుగా కత్తిరించి బల్ల మీద పరిచేవారు. "భోజనాల బంతిలో ఎవురి పక్కన ఎవుర్ని కూర్చోబెట్టాల్నో నీకు తెలవదా నాయనా? మాటలు గూడా అంతే. ఏ మాట ఎవుర్ని గురించి చెప్తుందో దాన్ని వాళ్ళ పక్కనే కూర్చోబెట్టు."

అరవైల్లో ఒక వానాకాలం, హెడ్ గుమాస్తా కలెక్టరు ఆఫీసుకు చిత్తు రాశాడు. కాలువ గట్టున మేస్తున్న గేదెలను ఓవర్సీరు పట్టుకున్నాడని అతని ఉద్దేశం. 'గట్టున మేస్తూ' అన్న ముక్కను తీసుకెళ్ళి ఓవర్సీరు పక్కన పెట్టాడు. చూడగానే పోల్చుకున్నాను. ఒక్క గీతతో సరిపోయేది. కలం సిరాలో ముంచి, ఉన్నది ఉన్నట్టు, గుండ్రటి అక్షరాలతో దించాను. తహసీల్దారు చదవకుండా సంతకం చేశాడు.

వారానికి కాగితం తిరిగొచ్చింది. తహసీల్దారు అందరి ముందూ చదివి, "ఎంత గడ్డి తిన్నాడయ్యా మన ఓవర్సీరు?" అని అడిగాడు. హెడ్ గుమాస్తా తల వంచుకుని నిలబడ్డాడు. ఆ నిలబడడాన్ని కళ్ళారా చూశాను.

తర్వాత వరండాలో నన్ను ఆపాడు. "తెలిసే పంపినావు గదా?"

"మీ చిత్తు దిద్దేంతటి వాణ్ణా అయ్యా? అక్షరం మార్చొద్దని మీరే గదా చెప్పినారు."

ఆర్నెల్లకు అతన్ని కృష్ణపట్నం వైపు బదిలీ చేశారు. వీడ్కోలుకు నేను వెళ్ళలేదు. వెళ్ళి ఉండాల్సిందని ఈనాటికీ అనిపించలేదు.

పంతులుగారు చదువు చెప్పినందుకు ఏమీ తీసుకోలేదు. ఆ నాలుగేళ్ళ బస్సు చార్జీలకూ, ఒక నిఘంటువుకూ మా తాత గూడుబండిని, ఎద్దులతో సహా, బుచ్చిరెడ్డిపాలెం ధాన్యం వ్యాపారికి అమ్మాను.