ఐదు కవర్లు, ఒకే గీతలు

ఆ రోజుల్లో పాట వినాలంటే ఆగాలి. ఏ పాటలు కావాలో చీటీ మీద రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు రికార్డింగ్ షాపులో ఇచ్చేసి వారం రోజులు ఎదురుచూడాలి. నరసరావుపేటలో అందరికీ ఆగడం వచ్చు, ఒక్క నాకు తప్ప. నేను కూర్చుంటే కాలు ఊగుతుంది, నిలబడితే చెయ్యి ఏదో ఒకటి సర్దుతుంది. అందుకే మా షాపు ఓనరు నాకు ఉడత అని పేరు పెట్టాడు. ఆయన్ని ఊరంతా రేడియో భాయ్ అనేది, నేను బాబాయ్ అనేదాన్ని. మా నాన్నకు స్నేహితుడు. పదో తరగతి తప్పి ఇంట్లో గిన్నెలు మోగిస్తున్న నన్ను పనిలో పెట్టుకున్నది ఆ స్నేహం కొద్దీనే. మా నాన్న మాత్రం ఒక్కటే మాట అన్నాడు. "మూడు నెలలు చూద్దాం. ఒక్క మాట పడ్డావంటే గురజాల పోయి మీ పెద్దమ్మతో మిరపకాయలు కోసుకుందువుగాని." మూడో నెల నడుస్తుండగా ఆ ఐదు రికార్డులు వచ్చాయి.

తెచ్చింది డ్యాం సారు. విజయపురి సౌత్‌లో, సాగర్ డ్యాం మీద ఇంజనీరు. ఎప్పటివో పాత ఇంగ్లీషు రాకెన్‌రోల్ పాటలు ఏరి కూర్చిన రికార్డులవి. ఐదు కవర్ల మీదా ఒకడే మనిషి, నూనె జుట్టు, మెడలో గిటారు, మెలిపెట్టిన కాళ్ళు. "వీడికి తిమ్మిరెక్కినట్టుందే" అని బాబాయ్ నవ్వి, వాటిని నా చేతిలో పెట్టాడు. "ఏమే ఉడతా, నేను సత్తెనపల్లి పోయొస్తా. ఐదూ క్యాసెట్లకు ఎక్కించు. మూడు గంటల బస్సుకు సారొస్తాడు. జాగర్త." అంతే చెప్పాడు. ఏ విషయంలో జాగ్రత్తో చెప్పలేదు. (ఇప్పటికీ ఆ తప్పులో సగం ఆయనదేనని నా వాదన.)

రికార్డు ఒక వైపు తిరగడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు నేనేం చెయ్యాలి? పైగా ఆ పాటలు మనిషిని కుదురుగా ఉండనిచ్చేవి కావు. మా షాపులో ఒక పద్ధతి ఉండేది. ఏ రికార్డు వచ్చినా రిజిస్టరులో ఎక్కించి, కవరు వెనక షాపు చీటీ అంటించాలి. నేను రిజిస్టరు తీశాను. కవరు వెనక తెల్లటి చిన్న డబ్బాలో సన్నవీ లావువీ నల్ల గీతలు, కింద పదమూడు అంకెలు ఉన్నాయి. అంకెలంటే నాకు భయం, భక్తి. పదో తరగతి ఫలితాల రోజున పేపరులో నా హాల్ టికెట్ నంబరు ముందుదీ ఉంది, వెనకదీ ఉంది, నాది లేదు. ఒక్క అంకె తేడాతో మనిషే లేకుండా పోతుందని ఆ రోజు తెలిసింది. అందుకే ఆ పదమూడు అంకెలూ ఒక్కో రికార్డుకు మూడేసి సార్లు సరిచూసి రాసుకున్నాను. గీతలు మాత్రం అచ్చు మిషను చెడిపోయి పడ్డవనుకున్నాను. సరిగ్గా మా చీటీ పట్టేంత చోటు! దొరలైనా మన షాపుల కోసం జాగా వదిలారని ముచ్చటపడి, పోస్టర్లకు వాడే మైదా జిగురు దట్టంగా పూసి, ఐదింటికీ ఆ గీతల మీదే చీటీలు అంటించేశాను.

ఒంటి గంటకు బాబాయ్ వచ్చాడు. చీటీలు చూసి గుమ్మంలోనే సంచి వదిలేశాడు.

"అరె, ఇవి మనయ్యా? చీటీలు మన షాపు రికార్డులకే గదా! ఎవరు అంటియ్యమన్నారే నిన్ను?"

"ఎవరూ అనలేదు బాబాయ్. ఖాళీగా ఉన్నాను కదా అని…"

"ఇవి సారువి కూడా కాదే! ఆయన బామ్మర్దివి. ఓడలో పంజేస్తాడు. ఆ అంకెల పట్టీ దగ్గర పెట్టుకుని ఒక్కోటి సరిచూసి తీసుకుంటాడంట. చానా చాదస్తం మనిషి!"

నా కళ్ళ ముందు గురజాల మిరపతోట ఎర్రగా మెరిసింది. తడిగుడ్డ పెట్టి మెల్లగా లాగాను. మైదా జిగురు నమ్మకమైనది. చీటీతో పాటు గీతలూ అంకెలూ కూడా పట్టుకొచ్చింది. బాబాయ్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నేను స్కేలూ ఇంకు పెన్నూ తీశాను. "ముగ్గులేసే చెయ్యి బాబాయ్, గీతలొక లెక్కా?" అన్నాను. రిజిస్టరు చూసి అంకెలు దించాను. మొదటి కవరుకు ఒక సన్నం, ఒక లావు చొప్పున చీర అంచులా గీసి, మిగతా నాలుగూ దాన్ని చూసే గీశాను.

"సారు ముందు నోరు తెరవమాక" అన్నాడు బాబాయ్.

మూడు దాటాక సారు వచ్చాడు. టీ తాగుతూ కవర్లు తిరగేశాడు. ఇంకో గుక్క తాగాడు. మళ్ళీ మొదటి కవరు అందుకున్నాడు. ఇక ఆగడం నా వల్ల కాలేదు. "ఆ గీతలు నేను గీసినయ్యండీ!" అనేశాను. బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు.

సారు కళ్ళజోడు సవరించుకుని ఐదు కవర్లూ బల్ల మీద వరసగా పేర్చాడు. "ఐదిటికీ ఒకటే గీతలున్నయ్యేందమ్మా?"

"అవునండీ" అన్నాను, కాస్త గర్వంగానే. "తేడా రాకుండా జాగ్రత్తగా గీశాను."

"తేడా ఉండటమే వాటి పని తల్లీ! పై దేశాల్లో కొట్లల్లో మిషను లైటేసి ఆ గీతల్ని చదువుద్ది. ఒక్కోదానికి ఒక్కో రకం."

మిషను గీతలు చదవడమేమిటో నాకర్థం కాలేదు. ఉద్యోగం పోయిందని మాత్రం అర్థమైంది. సారు జేబులోంచి బామ్మర్ది రాసిచ్చిన పట్టీ తీసి, వేలు పెట్టి ఒక్కో అంకె చదవడం మొదలుపెట్టాడు. ఐదు పదమూళ్ళు అరవై అయిదు అంకెలు. నేను జీవితంలో అంతసేపు కదలకుండా నిలబడ్డది అదొక్కసారే. ఆఖరి అంకె దగ్గర వేలు ఆగింది.

"గీతలన్నీ తప్పు, అంకెలన్నీ కరెక్టు" అన్నాడు సారు. "మావాడు చూసుకునేది అంకెలేలే. గీతల సంగతి నేను చెప్పుకుంటా. భాయ్, ఈ పిల్లకు రిజిస్టరియ్యి, జిగురు మాత్రం ఇయ్యమాక."

ఆ సాయంత్రం మా నాన్న షాపుకొచ్చి "ఎట్టుందిరా మా దాని పని?" అని అడిగితే, బాబాయ్ నా వైపు ఒక చూపు చూశాడు. "నీ కూతురి చేతిరాత ఓడెక్కబోతందిరా" అన్నాడు. నాన్న ఏం అర్థం చేసుకున్నాడో గానీ, మూడు నెలల మాట మళ్ళీ ఎత్తలేదు.

మొన్న ఇదే ఊళ్ళో సూపర్ మార్కెట్‌కు వెళ్ళాను. బిల్లు మిషను ఒక నలిగిన పప్పు ప్యాకెట్టును చదవనని మొరాయించింది. కౌంటరులో పిల్ల విసుక్కుంటూ గీతల కింద అంకెలు టకటకా కొడుతోంది. కాలు ఊగుతోంది. ఒకటి తప్పింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ తప్పింది. నా వెనక వరస గొణుగుతోంది. "ఇటివ్వమ్మా" అని ప్యాకెట్టు తీసుకుని, పదమూడు అంకెలూ నిదానంగా చదివాను. మిషను కుయ్యిమంది. "భలే చదివారాంటీ!" అంది ఆ పిల్ల. నవ్వొచ్చింది. సంచి పట్టుకుని బయటికి నడుస్తూ, ఆ పప్పు ప్యాకెట్టు మీద గీతల్ని ఒకసారి వేలితో తడిమాను. అచ్చు గీతలే, కదల్లేదు. నావైతే ఈపాటికి వేలికి ఇంకు అంటుకునేది.